తాత చూపిన వేరు ఎవరి పేరున వెళ్తుంది?

ప్రశ్న: మేడమ్, మాది పాడేరు ఏజెన్సీలో ఒక చిన్న ఊరు. కొండదొరలం. నేను నర్సింగ్ చదివి టౌన్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. మా తాత నాటువైద్యం చేస్తాడు. మోకాళ్ల నొప్పులకు, బెణుకులకు ఆయన కట్టే పసరు కట్టు కోసం చుట్టుపక్కల ఊళ్ల వాళ్లంతా వస్తారు. డబ్బు అడగడు, ఇస్తే కాదనడు. రెండు నెలల కిందట సిటీ నుంచి ఇద్దరు వచ్చారు. మూలికలతో నొప్పి మందులు చేసే కంపెనీ అన్నారు. తాతతో కొండెక్కి ఫొటోలు తీసుకున్నారు, రెండు సంచుల వేర్లు తవ్వుకుపోయారు. ఇప్పుడు మళ్లీ వచ్చి స్టాంపు కాగితం మీద తాత వేలిముద్ర వేస్తే 25,000 ఇస్తామంటున్నారు. కాగితమంతా ఇంగ్లీషులో ఉంది. ఇంటి కప్పు కారుతోంది, వేయించేద్దాం అంటాడు మా అన్నయ్య. మందు అమ్ముకుంటే హస్తవాసి పోతుందని తాత భయం. వాళ్లు అడిగారని పసరు నూరే వీడియో తీసి వాట్సాప్‌లో పంపింది నేనే. అప్పటి నుంచి నిద్ర పట్టట్లేదు. నేను తప్పు చేశానా? దీనికి చట్టం ఏమైనా ఉందా? చట్టమంటూ వెళ్తే తాత వైద్యాన్నే ఆపేస్తారా?

సమాధానం: ముందుగా, ఆ కాగితం మీద తాత వేలిముద్ర పడనివ్వకండి. ఇంకో నెల ఆలస్యమైతే మీకు పోయేది లేదు. తొందర ఉన్నది వాళ్లకు. మీ ఉత్తరంలో ఆ మొక్క పేరు ఎక్కడా రాయలేదు, అది చాలా మంచి పని. ఇకముందు కూడా ఎవరికి రాసినా అలాగే రాయండి.

వీడియో గురించి మిమ్మల్ని మీరు నిందించుకోవడం ఆపండి. ఇంటికొచ్చిన వాళ్లు అడిగితే తెలిసింది చెప్పడం మన వాళ్ల అలవాటు. అది తప్పు కాదు. ఆ వీడియో, దాన్ని పంపిన తేదీ మీ ఫోన్‌లో ఉన్నాయి కదా, వాటిని చెరపకండి. రేపు అవసరమైతే ఆ వైద్యం మీ తాతదేనని చూపించే సాక్ష్యం అదే అవుతుంది. ఎలాగో తర్వాత చెబుతాను.

నేను ముప్ఫై ఏళ్లు డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పరిశోధన బృందంతో కలిసి తూర్పు కనుమల్లో మొక్కలు సేకరించడానికి వెళ్లాను. ఒక ముసలావిడ నాలుగు రోజులు మా ముందు నడిచి ప్రతి మొక్కనూ చూపించింది, ఏది దేనికి పనికొస్తుందో చెప్పింది. మేం మొక్కను కాగితాల మధ్య నొక్కి, ఆరబెట్టి, కింద చీటీ అంటించాం. ఆ చీటీలో మొక్క శాస్త్రీయ నామం, దొరికిన చోటు, తేదీ, సేకరించిన వాళ్ల పేరు ఉంటాయి. సేకరించిన వాళ్ల పేరు దగ్గర నా పేరు రాశాను. ఆవిడ పేరు రాయడానికి ఆ చీటీలో గడే లేదు. ఆ షీట్లు ఇప్పటికీ ఒక బీరువాలో ఉన్నాయి, వాటి మీద నా పేరూ ఉంది. ఆవిడ పేరు ఇప్పుడు గుర్తు చేసుకుందామన్నా గుర్తు రావట్లేదు. మీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకూ అదే ఆలోచన. అందుకే నేను చెప్పేదంతా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది. వేరు కొండ దిగేలోపే మీ తాత పేరు, మీ ఊరి పేరు, మీ షరతులు కాగితం మీదికి రావాలి. దిగిన తర్వాత వాటా అడగడం చాలా కష్టం.

ఇక చట్టం సంగతి. ఉంది, మీకు చాలా దగ్గర్లోనే ఉంది. ప్రతి దేశానికీ తన జీవ వనరుల మీద హక్కు ఉందని, వాటిని వాడుకుని లాభం పొందేవాళ్లు అందులో న్యాయమైన వాటా ఇవ్వాలని 1992లో రియోలో ప్రపంచ దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం మన దేశం 2002లో జీవవైవిధ్య చట్టం చేసింది. చెన్నైలో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ, ప్రతి రాష్ట్రంలో ఒక జీవవైవిధ్య మండలి, ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ వచ్చాయి. ఈ చివరిదాన్ని బీఎంసీ అంటారు. మీ పంచాయతీకీ ఉండి ఉంటుంది, కార్యదర్శిని అడగండి. కమిటీ పేరు వినగానే ఆయన కాస్త వెతుక్కోవాల్సి వస్తే ఆశ్చర్యపోకండి. 2020 జనవరి ఆఖరులోగా అన్ని చోట్లా కమిటీలు, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు (ఊళ్లోని మొక్కలు, వాటి గురించి తెలిసిన వాళ్ల వివరాలు రాసే పుస్తకాలు) సిద్ధం చేయాలని, లేకపోతే నెలకు 10 లక్షలు కట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ రాష్ట్రాలకు గడువు పెట్టింది. దాంతో చాలాచోట్ల హడావిడిగా కాగితాలు నిండాయి. ఊళ్లో ఎవరికీ తెలియని కమిటీలు అలా పుట్టినవే.

మందుల కంపెనీ మన దేశానిదైతే, మీ అడవిలోని మూలికను వ్యాపారానికి తీసుకునే ముందు రాష్ట్ర మండలికి తెలియజేయాలి. విదేశీ కంపెనీ అయినా, విదేశీయుల అదుపులో ఉన్న కంపెనీ అయినా చెన్నైలోని సంస్థ నుంచి ముందే అనుమతి తీసుకోవాలి. ఆ సంస్థ గానీ, మండలి గానీ నిర్ణయం తీసుకునేటప్పుడు మీ బీఎంసీని సంప్రదించి తీరాలని 41వ సెక్షన్ చెబుతుంది. ఆ సెక్షన్ కిందే, మీ పరిధిలో వ్యాపారం కోసం మూలికలు సేకరించే వాళ్ల దగ్గర బీఎంసీ రుసుము కూడా వసూలు చేయొచ్చు. మీ ఇంటికి వచ్చినవాళ్లు ఇవేవీ చేయకుండా రెండు సంచుల వేర్లు తవ్వుకుపోయి ఉంటే, తప్పు వాళ్లది. చట్టాన్ని మీరితే జరిమానా లక్ష నుంచి 50 లక్షల దాకా ఉంటుంది.

తాత వైద్యం ఆపేస్తారేమోనన్న టెన్షన్ పెట్టుకోకండి. స్థానికులకు, పంట పండించే వాళ్లకు, వైద్యం చేసి బతికే సంప్రదాయ వైద్యులకు ఈ నిబంధనల నుంచి చట్టమే మినహాయింపు ఇచ్చింది. ఈ విషయం తాతకు మొదట చెప్పండి, ఆయన మనసు కుదుటపడుతుంది.

2023లో ఈ చట్టాన్ని సవరించారు. ఆయుర్వేద గ్రంథాల్లాంటి వాటిలో ఇప్పటికే రాసి ఉన్న జ్ఞానాన్ని వాడుకునే దేశీయ కంపెనీలకు కొంత వెసులుబాటు ఇచ్చారు. ఎవరైనా వచ్చి “ఇది పుస్తకాల్లో ఉన్నదే, మాకు అనుమతి అక్కర్లేదు” అంటే నమ్మి ఊరుకోకండి. ఏ పుస్తకం, ఏ పేజీ అని అడగండి. మీ తాత తన మామ దగ్గరో తండ్రి దగ్గరో నేర్చుకుని నోటితో నిలబెట్టుకొచ్చిన కట్టు ఆ పుస్తకంలో లేకపోతే, ఆ వెసులుబాటు వాళ్లకు వర్తించదు.

ఈ చట్టాలేవీ లేని రోజుల్లోనే ఒకచోట వాటా పంచారు. ఆ కథలో మంచీ చెడూ రెండూ మీకు పనికొస్తాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కేరళలో తిరువనంతపురం దగ్గర అగస్త్యమల అడవుల్లో కాణి అనే గిరిజనులు ఉంటారు. 1987లో కొందరు శాస్త్రవేత్తలు వాళ్లను దారి చూపించమని వెంట తీసుకెళ్లారు. ఎక్కుడు దారిలో శాస్త్రవేత్తలు అలసి కూలబడుతుంటే, కాణి యువకులు ఏవో చిన్న కాయలు నములుతూ హాయిగా నడుస్తున్నారట. ఏమిటవని అడిగితే మొదట చెప్పలేదు, బయటివాళ్లకు చెప్పకూడదన్నది వాళ్ల కట్టుబాటు. పట్టుబట్టి అడగ్గా చివరికి మొక్కను చూపించారు. దాని పేరు ఆరోగ్యపచ్చ. తిరువనంతపురంలోని ఉష్ణమండల వృక్ష పరిశోధన సంస్థ దానికి మరో మూడు మూలికలు కలిపి ‘జీవని’ అనే మందు తయారు చేసింది. 1995లో కోయంబత్తూరులోని ఆర్యవైద్య ఫార్మసీకి 10 లక్షల రూపాయల రుసుముకు, అమ్మకాల్లో 2 శాతం రాయల్టీకి తయారీ హక్కు ఇచ్చింది. వచ్చిన దాంట్లో సగం కాణీలకు ఇవ్వాలని సంస్థే నిర్ణయించుకుంది. 1997లో కాణీల పేరున ట్రస్టు పెట్టి, ఆ డబ్బు అందులో వేశారు. ఆ సంస్థకు అప్పట్లో డైరెక్టరుగా ఉన్న పుష్పాంగదన్ పట్టుదల లేకపోతే అది జరిగేది కాదు. ప్రపంచమంతా దీన్ని ఆదర్శంగా చెప్పుకుంది, నేను కూడా క్లాసులో చాలా ఏళ్లు అలాగే చెప్పాను.

తర్వాత లోతుగా చదివితే గానీ మిగతా సగం తెలియలేదు. కాణీలు ఒక్క ఊళ్లో లేరు, ఆ అడవుల్లో అక్కడక్కడా విడివిడిగా ఉంటారు. మొదట సంప్రదించింది కొన్ని ఊళ్ల వాళ్లను మాత్రమే. మిగతా వాళ్లు, ముఖ్యంగా వాళ్లలోని వైద్యులు, “మమ్మల్ని అడగకుండా మా మందు ఎలా ఇచ్చారు?” అని నిలదీశారు. ఆకు పెంచి అమ్ముకుని కాణీలు నాలుగు రూపాయలు సంపాదించుకోవాలని చూస్తే, అడవిలోంచి తేవడానికి అటవీ శాఖ ఒప్పుకోలేదు. విదేశాల్లో మందుకు పేటెంటూ తీసుకోలేదు, పేరుకు ట్రేడ్‌మార్కూ తీసుకోలేదు. మంచి మనసున్న శాస్త్రవేత్తలు, నిజాయితీగా ఇచ్చిన డబ్బు, రెండూ ఉన్నా అందరినీ ముందు కూర్చోబెట్టి అడగనందువల్ల ఆ కమ్యూనిటీలోనే చీలిక వచ్చింది.

మీకు సంబంధించి ఇదే అసలు విషయం. ఆ పసరు మీ తాతకు ఒక్కరికే తెలుసా, అవతలి కొండ మీది ఊళ్లో ఇంకొకరికి కూడా తెలుసా? ఇంకొకరికి తెలిసి ఉంటే, తాత ఒక్కరే వేలిముద్ర వేసి ఇవ్వగలిగింది కాదు అది. అటవీ హక్కుల చట్టం 2006లో 3వ సెక్షన్ కింద జీవవైవిధ్యం మీద, దానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద హక్కును సమాజానికి మొత్తంగా ఇచ్చారు. అంటే గ్రామసభ చెప్పాలి. గ్రామసభలో పెట్టిన మాట తాతను కూడా కాపాడుతుంది, రేపు ఎవరూ ఆయన్ను వేలెత్తి చూపలేరు.

శాతాల సంగతి వచ్చింది కాబట్టి దక్షిణాఫ్రికాలోని శాన్ ప్రజల సంగతి కూడా చెప్పాలి. కలహారి ఎడారిలో వేటకు వెళ్లినప్పుడు ఆకలి తెలియకుండా ఉండటానికి వాళ్లు హూడియా అనే ముళ్ల మొక్క కాడ నమిలేవారు. అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ 1990ల్లో వాళ్లను అడగకుండానే ఆ గుణం మీద పేటెంట్ తీసుకుని, ఒక బ్రిటిష్ కంపెనీకి హక్కులు ఇచ్చింది. అక్కడి నుంచి అవి ఫైజర్‌కు వెళ్లాయి. విషయం బయటపడి గొడవైన తర్వాత 2003లో ఒప్పందం కుదిరింది. పరిశోధన ఒక్కో దశ దాటినప్పుడు సంస్థకు వచ్చే డబ్బులో 8 శాతం, రాయల్టీలో 6 శాతం శాన్ ప్రజలకు ఇవ్వాలన్నారు. వినడానికి బాగుంది. కానీ ఆ ఏడాదే ఫైజర్ తప్పుకుంది, తర్వాత వచ్చిన యూనిలీవర్ 2008లో వదిలేసింది. మందు అనుకున్నట్టు మార్కెట్‌కు రాలేదు. రాని రాయల్టీలో 6 శాతం అంటే ఎంత? చేతికి అందింది మధ్య దశల్లో వచ్చిన కొద్దిపాటి డబ్బే. కాబట్టి “అమ్మకాల్లో వాటా ఇస్తాం” అన్న ఒక్క మాటతో సంతోషపడకండి. ఇప్పుడు ఎంత, పరీక్షల దశలో ఎంత, పేటెంట్‌కు దరఖాస్తు పెట్టినప్పుడు ఎంత, అమ్మకం మొదలయ్యాక ఎంత అని విడివిడిగా రాయించండి.

చట్టం నిర్ణయించే వాటా మీదే ఆధారపడకూడదు అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2025లో వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం ఏడాదికి 5 కోట్ల లోపు టర్నోవర్ ఉన్న కంపెనీ ఏమీ కట్టక్కర్లేదు. 5 నుంచి 50 కోట్ల దాకా అయితే అమ్మకం ధరలో 0.2 శాతం, అతి పెద్ద కంపెనీలకు కూడా 0.6 శాతమే. మీ దగ్గరికి వచ్చింది చిన్న కంపెనీ అయితే ఆ లెక్కన సున్నా. ఇది నాకు అస్సలు నచ్చలేదు. ఏజెన్సీ ఊళ్లకు వచ్చేది పెద్ద కంపెనీ పేరుతో కాదు, ఇలా ఇద్దరు మనుషులు మోటార్ సైకిల్ మీదే వస్తారు.

మన తెలుగు నేల మీద వాటా అందిన ఊళ్లున్నాయి, చిన్నవే అయినా నిజమైనవి. పాత మహబూబ్‌నగర్ జిల్లా అమరచింత నుంచి ఒక కంపెనీ 2,000 కిలోల వేపాకు జపాన్‌కు ఎగుమతి చేసి 55,035 రూపాయల రాయల్టీ కట్టింది. అందులో 17,500 ఆ ఊరి బీఎంసీకి వచ్చింది, వేప మొక్కలు నాటడానికి, జనానికి అవగాహన కల్పించడానికి. 2025లో మన ఎర్రచందనం రైతులు 198 మందికి 3 కోట్ల రూపాయలు ఇచ్చారు. ఆ రైతులకు పొలం ఉంది, చెట్టు ఉంది, లెక్కల్లో పేరుంది. పేరు లెక్కలో ఉన్నవాడికే వాటా వస్తుంది.

ఇప్పుడు వీడియో సంగతి. పసుపుతో గాయం మాన్పడం మీద 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయం వైద్య కేంద్రానికి పేటెంట్ ఇచ్చారు. మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాలను, 1953 నాటి ఒక భారతీయ వైద్య పత్రిక వ్యాసాన్ని ముందు పెట్టి పోరాడితే 1997లో దాన్ని రద్దు చేశారు. ఇంటింటా అమ్మమ్మలకు తెలుసు అన్న మాట సరిపోలేదు, అచ్చులో ఉన్నది కావలసి వచ్చింది. మన దేశంలో మాత్రం దారి కాస్త సులువు. సంప్రదాయ జ్ఞానం మీద పేటెంట్ ఇవ్వకూడదని మన పేటెంట్ చట్టమే చెబుతుంది. ఒక స్థానిక సమాజంలో నోటి మాటగానైనా ఆ జ్ఞానం ఉందని చూపించి, పేటెంట్ రాకముందే ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. మొక్క ఎక్కడి నుంచి తెచ్చారో దాచినా అభ్యంతరం పెట్టొచ్చు. తేదీతో ఉన్న మీ వీడియో, తాత ఆ కట్టు ఎన్నేళ్లుగా కడుతున్నారో చెప్పే నలుగురి మాటలు అప్పుడు పనికొస్తాయి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, పేటెంట్‌ను అడ్డుకోవడం వేరు, వాటా రావడం వేరు. పసుపు కేసు గెలిచాం కానీ దానివల్ల ఏ ఇల్లాలికీ రూపాయి రాలేదు. కాబట్టి సాక్ష్యం కోసమని వీడియోను యూట్యూబ్‌లో పెట్టేయకండి. అందరికీ తెలిసిపోయిన తర్వాత బేరమాడటానికి మీ చేతిలో ఏమీ మిగలదు.

మీ అన్నయ్య మీద కోపం పెట్టుకోకండి. కారే కప్పు కింద పడుకునేవాడికి 25,000 చిన్న మొత్తం కాదు. తాత రోజంతా కొండెక్కి చూపించిన శ్రమకు కూలీ ఇవ్వమని ఇప్పుడే అడగొచ్చు, అందులో తప్పేమీ లేదు. అయితే రసీదు మీద “తోడు వచ్చి మొక్కలు చూపించినందుకు” అని మాత్రమే ఉండాలి. “సర్వహక్కులు” లాంటి మాట ఏదీ ఉండకూడదు. ఇంటి కప్పు కోసం గిరిజనాభివృద్ధి సంస్థను (ఐటీడీఏ) అడుగుదాం, దానికి తాత మందును తాకట్టు పెట్టొద్దు.

తాత హస్తవాసి భయాన్ని కూడా మూఢనమ్మకమని తీసిపారేయకండి. ఆ కట్టుబాటు ఉండబట్టే ఆ వేరు ఇన్నేళ్లూ కొండ మీద మిగిలింది. ఒక మొక్కను తవ్వితే పక్కదాన్ని వదిలి రావడం ఆయన పద్ధతి అయి ఉంటుంది. వచ్చినవాళ్లు ఒక్కరోజులో రెండు సంచులు నింపారు. వేరు తవ్వితే మొక్క చచ్చిపోతుంది. నన్నారి షర్బత్‌కు వాడే మారేడు గడ్డలు (మారేడు చెట్టువి కావు, ఒక తీగ వేర్లు) తవ్వి తవ్వి ఎంత అరుదైపోయాయో రాయలసీమ వాళ్లను అడిగితే చెబుతారు. డబ్బు ఎంత ఇచ్చినా చెప్పను అనే హక్కు తాతకు ఉంది. ఆయన వద్దంటే మాట అక్కడితో ఆగిపోవాలి, మీరూ అన్నయ్యా ఆయన్ను బలవంతపెట్టకండి.

ఈ వారంలోనే బీఎంసీ అధ్యక్షులకు, సర్పంచికి, రాష్ట్ర జీవవైవిధ్య మండలికి, ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి (పీవో) ఒక అర్జీ పెట్టండి. తెలుగులోనే రాయండి, ఇలా రాస్తే చాలు:

“ఫలానా తేదీన ఫలానా వ్యక్తులు కంపెనీ తరఫున వచ్చామని చెప్పి మా ఊరి కొండ నుంచి రెండు సంచుల మూలిక వేర్లు తీసుకెళ్లారు. మా తాత దగ్గర వైద్య పద్ధతి తెలుసుకుని, దాని వీడియో మమ్మల్ని అడిగి వాట్సాప్‌లో తెప్పించుకున్నారు. గ్రామసభను గానీ, బీఎంసీని గానీ అడగలేదు. మా అంగీకారం లేకుండా ఈ జ్ఞానం మీద పేటెంట్ గానీ, వ్యాపారం గానీ జరగకూడదని మా అభ్యంతరం. వాళ్లు మండలికి తెలియజేశారో లేదో మాకు రాతపూర్వకంగా తెలపండి. ఈ విషయం చర్చించడానికి గ్రామసభ పెట్టండి.”

రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. చెన్నైలోని సంస్థకు కూడా ఒక ప్రతి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. కంపెనీ పేటెంట్ తీసుకోవాలంటే అక్కడ నమోదు చేసుకోవాలి, అమ్మే ముందు అక్కడే అనుమతి తీసుకోవాలి. అప్పటికి మీ కాగితం ఆ ఫైల్లో ఉండాలి.

తర్వాత పంచాయతీలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ చూపించమని అడగండి. వైద్యుల వివరాల దగ్గర తాత పేరు ఉందో లేదో చూడండి, లేకపోతే రాయించండి. తాత నాటువైద్యుడని, బెణుకులకు కట్టు కడతాడని, ఇన్నేళ్లుగా చేస్తున్నాడని రాస్తే చాలు. ఏ వేరు, ఎంత, దేనితో నూరాలి, కొండ మీద ఎక్కడ దొరుకుతుంది అన్నవి మాత్రం రాయనివ్వకండి, రాసే కుర్రాడు ఎంత మంచివాడైనా సరే.

గ్రామసభకు ముందు మీరు ఇంకో పని చేయగలరు. ఆ ఇంగ్లీషు కాగితాన్ని మీరే కూర్చుని తాతకు, అన్నయ్యకు వరుసగా తెలుగులో చదివి చెప్పండి. తెలియని మాట దగ్గర ఆగి గీత పెట్టుకోండి. ఆ పేజీల ఫొటోలు నాకు పంపండి, మీ ఊరి పేరు, తాత పేరు, మొక్క పేరు మీద కాగితం అడ్డంపెట్టి ఫొటో తీయండి. ఏ వాక్యంలో ఏముందో నేను చదివి, గ్రామసభ రోజుకు ముందే మీకు రాస్తాను.